బహిరంగ ప్రదేశాల్లో ఛాయాచిత్రణంపై భద్రతా నిషేధం: చట్టపాఠం, ఆచరణ

వ్యాససంగ్రహం:
"ఇక్కడ ఫోటోలు తీయరాదు" అనే బోర్డు దేశంలో అనేక బహిరంగ ప్రదేశాల్లో కనిపిస్తుంది. ఆ బోర్డుకు మూలమైన చట్టం ఏమిటి, ఆ చట్టం ఏయే షరతులతో నిషేధాన్ని అనుమతిస్తోంది, ఆచరణలో ఆ షరతులు ఏమవుతున్నాయి అనే విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అధికార రహస్యాల చట్టం, 1923 నిషేధాన్ని ప్రకటిత ప్రదేశానికీ, హానికరమైన ఉద్దేశానికీ ముడిపెట్టింది. ఆచరణలో అది కెమెరా పట్టుకున్న మనిషికీ, కాపలాదారుని అనుమానానికీ ముడిపడి ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అధికార రహస్యాల చట్టం, నిషిద్ధ ప్రదేశం, గెజిట్ ప్రకటన, ఛాయాచిత్రణం, క్షేత్రపరిశోధన, భావప్రకటన స్వేచ్ఛ.

1. ఉపోద్ఘాతం

క్షేత్రపర్యటన చేసే పరిశోధకునికి నోటుపుస్తకం ఎంత అవసరమో కెమెరా అంత అవసరం. గుడి ప్రాకారంలోని శాసనం, చెరువు తూము, పాత రైల్వే స్టేషను కట్టడం, సంతలో అమ్మకానికి పెట్టిన పనిముట్లు, వీధి నామఫలకం మీది భాష - ఇవన్నీ పరిశోధనలో ఆధారాలుగా నిలవాలంటే ఛాయాచిత్రం కావాలి. అయితే వంతెన దగ్గరో, రైల్వే ప్లాట్‌ఫారం మీదో, ఆనకట్ట గట్టు మీదో, ప్రభుత్వ కార్యాలయం ఆవరణలోనో కెమెరా పైకెత్తగానే ఎవరో ఒకరు వచ్చి అడ్డుచెప్పడం చాలామందికి అనుభవంలో ఉన్న విషయమే. ఆ వచ్చినవారు పోలీసు కావచ్చు, ప్రైవేటు సంస్థ నియమించిన కాపలాదారు కావచ్చు, అటుగా పోతున్న బాటసారి కూడా కావచ్చు. కారణం అడిగితే వచ్చే జవాబు మాత్రం ఒక్కటే: "సెక్యూరిటీ". ఏ చట్టం, ఏ నియమం, ఎవరి ఉత్తర్వు అన్న ప్రశ్నకు సమాధానం అరుదుగా దొరుకుతుంది.

కొన్ని చోట్ల కెమెరాను దూరంగా ఉంచక తప్పదన్న విషయంలో వివాదం లేదు. ఆయుధాగారం లోపలి అమరికను ఎవరైనా చిత్రీకరించవచ్చునని ఏ ప్రజాస్వామ్యమూ అంగీకరించదు. ఆ 'కొన్ని చోట్లు' ఏవో ముందుగా ఎవరు నిర్ణయించాలి, పౌరునికి ఆ సంగతి ఎలా తెలియాలి అన్నవే ఇక్కడి ప్రశ్నలు. ఈ రెండింటికీ 1923 నాటి చట్టంలోనే సమాధానాలు ఉన్నాయి. వాటిని చదివినవారు తక్కువ.

2. ఛాయాచిత్రం 'స్కెచ్'గా మారిన వైనం

భారతదేశంలో అధికార రహస్యాలపై తొలి చట్టం 1889లో వచ్చింది. కర్జన్ వైస్రాయిగా ఉన్న కాలంలో, 1904లో దానిని మరింత కఠినం చేశారు. ఇంతలో జర్మనీ గూఢచారుల భయం కమ్ముకున్న బ్రిటన్‌లో 1911 ఆగస్టులో కొత్త అధికార రహస్యాల చట్టం చేశారు. కామన్స్ సభ దానికి ఒక్క మధ్యాహ్నంలోనే ఆమోదం తెలిపింది. రేవుల చుట్టూ, కోటల చుట్టూ చిత్రపటాలు గీసుకుంటూ తిరిగే విదేశీయుడు ఆనాటి శాసనకర్తల ఊహలోని శత్రువు. ఆ ఊహే 1923 నాటి భారతీయ చట్టంలోకి వచ్చింది. స్వాతంత్ర్యానంతరం, ముఖ్యంగా 1967లో, కొన్ని సవరణలు జరిగినా ఆ చట్టమే నేటికీ అమలులో ఉంది.

చట్టంలోని రెండవ సెక్షను నిర్వచనాలను జాగ్రత్తగా చూడాలి. 'స్కెచ్' అనే మాటలో ఛాయాచిత్రం, ఇంకా ఒక ప్రదేశాన్ని గాని వస్తువును గాని చూపే ఏ ఇతర పద్ధతి అయినా చేరుతుంది. 'ఛాయాచిత్రం' అనే మాటలో కడగని ఫిల్ము, ప్లేటు కూడా చేరుతాయి. అంటే చట్టం దృష్టిలో ఫోటో తీయడం చేత్తో బొమ్మ గీయడంలో ఒక రకం. నాడు ఆ పోలిక సహజమైనదే. కోట ముందు కెమెరా స్టాండు నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకొని, ప్లేటు మార్చే మనిషి నిజంగానే ఏదో ఉద్దేశంతో వచ్చినవాడై ఉంటాడు. జేబులో ఫోను లేని మనిషి కనిపించని కాలంలో, చేతిలో కెమెరా ఉండడమే ఉద్దేశానికి సూచన అనుకోవడానికి వీల్లేదు.

3. 'నిషిద్ధ ప్రదేశం': ప్రకటన, స్థానిక భాష

చట్టానికి కీలకం 2(8) సెక్షనులోని 'నిషిద్ధ ప్రదేశం' నిర్వచనం. రక్షణ కట్టడాలు, ఆయుధాగారాలు, సైనిక, నౌకా, వైమానిక స్థావరాలు, ప్రభుత్వ అధీనంలోని యుద్ధనౌకలు, విమానాలు, యుద్ధసామగ్రి తయారుచేసే కర్మాగారాలు, డాక్‌యార్డులు వంటివి వాటి స్వభావం చేతనే నిషిద్ధ ప్రదేశాలు. వీటికి వేరే ప్రకటన అక్కరలేదు.

సామాన్య పౌరునికి రోజూ ఎదురయ్యేవి ఇవి కావు. రైలుమార్గం, రోడ్డు, జలమార్గం, వాటికి సంబంధించిన వంతెనల వంటి కట్టడాలు, నీటి సరఫరా, విద్యుత్తు, గ్యాసు కేంద్రాలు - ఇవి వేరొక తరగతి. ఇవి తమంతట తాము నిషిద్ధ ప్రదేశాలు కావు. వాటిని గురించిన సమాచారం గాని, వాటి ధ్వంసం గాని శత్రువుకు ఉపయోగపడుతుందన్న కారణంతో కేంద్రప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించినప్పుడే అవి నిషిద్ధాలవుతాయి. అక్కడితో కూడా సరిపోదు. ఆ ప్రకటన ప్రతిని ఇంగ్లీషులోనూ, ఆ ప్రాంతపు భాషలోనూ ఆ ప్రదేశం వద్ద అతికించి ఉంచాలని చట్టం కోరుతోంది.

ఈ చివరి షరతు మీద ఇంతవరకు తగినంత చర్చ జరగలేదు. వలసపాలకులు చేసిన, అత్యంత కఠినమైన చట్టాలలో ఒకటిగా పేరుపడిన శాసనం కూడా, ప్రజలకు తెలియని నిషేధం నిషేధం కాదని ఒప్పుకున్నది. గోదావరి మీదనో కృష్ణ మీదనో ఉన్న ఒక వంతెనను ఈ తరగతి కింద నిషిద్ధ ప్రదేశం అనాలంటే అక్కడ తెలుగులో ప్రకటన ప్రతి ఉండాలి. ఇది ఎవరో దయతలచి చేసే అనువాదం కాదు. నిషేధం చెల్లుబాటు కావడానికి చట్టం విధించిన షరతు. పాలనాభాషగా తెలుగు అమలును గురించి జరిగే చర్చలలో ఈ సెక్షను ప్రస్తావన రాకపోవడం ఆశ్చర్యమే.

ఆచరణలో కనిపించే బోర్డులను ఈ కొలతతో చూస్తే తేడా తెలుస్తుంది. "ఫోటోగ్రఫీ నిషిద్ధం" అన్న రెండు మాటలు, లేదా గీత కొట్టిన కెమెరా బొమ్మ ఉంటుంది. గెజిట్ ప్రకటన సంఖ్య, తేదీ, జారీచేసిన అధికారి హోదా, నిషేధం ఎంతమేర వర్తిస్తుందన్న వివరం సాధారణంగా ఉండవు. అటువంటి బోర్డు ప్రకటన ఉన్నదని సూచించవచ్చు. కాని అది ప్రకటన ప్రతి కాదు.

నిర్వచనాన్ని ఇష్టానుసారం సాగదీయరాదని న్యాయస్థానాలు కూడా చెప్పాయి. పోలీసు స్టేషనులో వీడియో తీశారన్న ఆరోపణపై ఈ చట్టం కింద పెట్టిన కేసును బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం 2022లో కొట్టివేసింది. 2(8)లోని జాబితా సంపూర్ణమైనదనీ, అందులో పోలీసు స్టేషను లేదనీ పేర్కొన్నది. చట్టం వచ్చిన 99 ఏళ్ల తరువాత కూడా ఇంతటి ప్రాథమిక విషయాన్ని ఒక హైకోర్టు చెప్పవలసి రావడం, చట్టపాఠానికీ ఆచరణకూ మధ్య దూరం ఎంతో తెలుపుతుంది.

4. ఉద్దేశం అనే రెండో మెట్టు

నిషిద్ధ ప్రదేశమే అయినా, అక్కడ ఫోటో తీసినంత మాత్రాన మూడవ సెక్షను కింద నేరం పూర్తికాదు. రాజ్య భద్రతకు గాని ప్రయోజనాలకు గాని హానికరమైన ఉద్దేశం ఉండాలి. రక్షణ సంబంధమైన స్థావరాల విషయంలో 14 ఏళ్ల వరకు, ఇతర సందర్భాలలో 3 ఏళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు. ప్రభుత్వం గాని, దాని అధికారం పొందినవారు గాని ఫిర్యాదు చేస్తే తప్ప న్యాయస్థానం కేసును స్వీకరించరాదని 13వ సెక్షను చెబుతోంది.

అయితే ఉద్దేశాన్ని నిరూపించే పద్ధతిలో చట్టం ప్రభుత్వం వైపే మొగ్గింది. హానికరమైన ఉద్దేశాన్ని తెలిపే ఫలానా పని నిందితుడు చేశాడని రుజువు చేయనక్కరలేదు. సందర్భం, ప్రవర్తన, తెలిసివచ్చిన స్వభావం - వీటిని బట్టి ఉద్దేశాన్ని ఊహించవచ్చు. 'తెలిసివచ్చిన స్వభావం' అన్న మాట ప్రమాదకరమైనది. ఒకే వంతెనను ఇద్దరు చిత్రిస్తే, వారి పేరు, వేషం, ఊరు, భాష బట్టి ఒకరు యాత్రికుడు, మరొకరు అనుమానితుడు కావడానికి ఆ మాట దారి తీస్తుంది.

అమాయకమైన అలవాటు ఎలా గూఢచర్యంగా కనిపించగలదో చెప్పడానికి గ్రీసు ఉదంతం ఒకటి చాలు. విమానాలను చూసి వాటి సంఖ్యలు రాసుకోవడం బ్రిటన్‌లో చాలామందికి కాలక్షేపం. అటువంటి అలవాటు ఉన్న 12 మంది బ్రిటిషర్లను, ఇద్దరు డచ్చివారిని 2001 నవంబరులో కాలమాటా వైమానిక స్థావరం వద్ద అరెస్టు చేశారు. 2002 ఏప్రిల్‌లో వారికి శిక్షలు పడ్డాయి. అదే ఏడాది నవంబరులో అప్పీలు న్యాయస్థానం వారిని నిర్దోషులుగా విడుదల చేసింది. ఆ అలవాటు గ్రీసులో తెలియనిది కావడమే అసలు చిక్కు. ఊరిలో ఎవరూ పట్టించుకోని బురుజును గంటసేపు నాలుగు వైపుల నుంచి చిత్రించే పరిశోధకుడు కూడా స్థానికుల దృష్టికి అలాగే కనిపిస్తాడు.

5. సర్క్యులరు చట్టం అవుతుందా?

అధికార రహస్యాల చట్టం వర్తించని చోట్ల నిషేధానికి ఆధారం శాఖాపరమైన ఆదేశం మాత్రమే అయి ఉంటుంది. దాని విలువ ఎంత?

రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం భావప్రకటన స్వేచ్ఛను ఇస్తోంది. 19(2) అధికరణం రాజ్య భద్రత మొదలైన కారణాలతో దానిపై సమంజసమైన పరిమితులను 'చట్టం' ద్వారా విధించడానికి అనుమతిస్తోంది. ఈ 'చట్టం' అన్న మాటే ముఖ్యం. ఖరక్ సింగ్ కేసులో, చట్టబద్ధమైన ఆధారం లేని పోలీసు నిబంధనలు 19వ అధికరణం హక్కులను పరిమితం చేసే చట్టం కాజాలవని సుప్రీంకోర్టు 1962లో నిర్ణయించింది. జాతీయగీతానికి సంబంధించిన బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, 1986లో, విద్యాశాఖ సర్క్యులర్ల విషయంలోనూ ఇదే సూత్రాన్ని నిలబెట్టింది. సినిమా భావప్రకటనా రూపమన్న దృష్టితోనే 1970 నాటి కె.ఎ. అబ్బాస్ కేసును విచారించింది. ఈ తీర్పులన్నింటినీ కలిపి చదివితే, బహిరంగ ప్రదేశంలో ఫోటో తీయడాన్ని కేవలం కార్యాలయ ఆదేశంతో నేరంగా మార్చడం సాధ్యం కాదని వాదించడానికి బలమైన ఆధారం ఉంది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. మ్యూజియం, దేవాలయం, ప్రైవేటు మాల్ వంటి చోట్ల యజమాని లేదా నిర్వాహకుడు ప్రవేశానికి షరతుగా కెమెరా వద్దని చెప్పవచ్చు. షరతు నచ్చకపోతే లోపలికి పోకుండా ఉండవచ్చు. రోడ్డు మీద నిలబడిన పౌరునికి ఆ షరతు వర్తించదు. కాపలాదారులు సాధారణంగా మరిచేది ఈ సరిహద్దునే. గేటు లోపలి అధికారాన్ని గేటు బయటి కాలిబాట వరకు తీసుకువస్తారు.

6. బ్రిటన్ అనుభవం

ఈ చట్టాన్ని భారతదేశానికి ఇచ్చిన బ్రిటన్ ఇటీవలి కాలంలో ఏం నేర్చుకున్నదో చూడడం అవసరం. అక్కడి ఉగ్రవాద చట్టం, 2000లోని 44వ సెక్షను, ప్రకటిత ప్రాంతంలో సహేతుకమైన అనుమానం లేకుండానే ఎవరినైనా ఆపి సోదా చేసే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. అటువంటి ప్రకటన 28 రోజులకు మించరాదు. కాని 2001 ఫిబ్రవరి నుంచి గడువు ముగిసిన ప్రతిసారీ పొడిగిస్తూ పోవడంతో, గ్రేటర్ లండన్ అంతా కొన్నేళ్లపాటు ప్రకటిత ప్రాంతంగానే ఉండిపోయింది. ఫోటోగ్రాఫర్లు ఈ అధికారానికి తరచుగా గురయ్యారు. 2009 ఫిబ్రవరి 16న, పోలీసులను, సైనికులను గురించి ఉగ్రవాదులకు ఉపయోగపడే సమాచారం సేకరించడాన్ని నేరంగా పేర్కొన్న 58ఎ సెక్షను అమలులోకి వచ్చింది. పోలీసును ఫోటో తీయడమే నేరమవుతుందన్న భయంతో ఫోటోగ్రాఫర్లు ఆ రోజున స్కాట్లండ్ యార్డు ముందు గుమిగూడి నిరసన తెలిపారు.

2003లో లండన్‌లోని ఆయుధ ప్రదర్శన వద్ద ఆపి సోదా చేసిన ఇద్దరిలో ఒకరు, నిరసనను చిత్రీకరించడానికి వచ్చిన పాత్రికేయురాలు. వారి కేసులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2010 జనవరి 12న తీర్పు ఇచ్చింది. ఆ అధికారానికి తగిన హద్దులు లేవనీ, అది వ్యక్తిగత జీవితపు హక్కును భంగపరిచిందనీ నిర్ణయించింది. 2009-10లో ఆ సెక్షను కింద లక్షకు పైగా సోదాలు జరిగితే, ఉగ్రవాద నేరం కింద ఒక్క అరెస్టు కూడా జరగలేదు. 2010 జులైలో ప్రభుత్వం ఆ అధికారాన్ని నిలిపివేసింది. 2012 నాటి చట్టంతో అది రద్దయింది. బహిరంగ ప్రదేశాల్లో ఫోటో తీయడానికి అనుమతి అక్కరలేదని లండన్ పోలీసులు తమ మార్గదర్శకాలలోనే రాసుకున్నారు.

దీనినిబట్టి బ్రిటన్ నిషేధాలను వదులుకున్నదని అనుకోరాదు. 2023 నాటి జాతీయ భద్రతా చట్టం 1911 చట్టాన్ని రద్దుచేసి, నిషిద్ధ ప్రదేశాలను కొత్తగా నిర్వచించింది. అక్కడ అనుమతి లేకుండా ఫోటో తీయడం, హానికరమైన ఉద్దేశం లేకున్నా నేరం కాగలదు. అయితే తన పనికి అనుమతి లేదని ఆ వ్యక్తికి తెలిసి ఉండాలి, లేదా తెలియవలసిన పరిస్థితి ఉండాలి. కఠినత్వం పెరిగిన చోట కూడా 'తెలియడం' అన్న షరతు పోలేదు. భారతదేశంలో రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం 1923 చట్టాన్ని రద్దు చేయాలని 2006లోనే సిఫారసు చేసింది. అది అమలు కాలేదు.

7. ఆకాశం తెరిచి, నేల మూసి

గత రెండు దశాబ్దాలలో భారతప్రభుత్వమే పలు నిషేధాలను సడలించింది. విమానాల నియమావళి, 1937లోని 13వ నియమం ప్రభుత్వ విమానాశ్రయాల్లోనూ, ఎగురుతున్న విమానం నుంచీ రాతపూర్వక అనుమతి లేకుండా ఫోటో తీయడాన్ని నిషేధించింది. 2004 డిసెంబరులో పౌర విమానయాన డైరెక్టరేటు ప్రయాణికులకు విమానంలో ఫోటోలు తీసుకునే వీలు కల్పించింది. 2020 సెప్టెంబరులో నిషేధాన్ని కఠినంగా గుర్తుచేస్తూ ఒక ఉత్తర్వు వెలువడగా, మరునాడే 2004 నాటి సడలింపు కొనసాగుతుందని వివరణ ఇవ్వవలసి వచ్చింది. 2025 మేలో, రక్షణశాఖ విమానాశ్రయాల నుంచి నడిచే పౌర విమానాల్లో, ముఖ్యంగా పశ్చిమ సరిహద్దు ప్రాంతంలో, 10,000 అడుగుల ఎత్తు లోపల కిటికీ తెరలు మూసి ఉంచాలనీ, ఫోటోలు తీయరాదనీ ఆదేశించారు. ఇటువంటి ఆదేశంలో స్పష్టత ఉంది. ఎక్కడ, ఎంత ఎత్తు వరకు అన్నది ప్రయాణికునికి ముందే తెలుస్తుంది. నౌకాదళ స్థావరమైన ఐ.ఎన్.ఎస్. డేగలో 2025 నాటికి పనిచేస్తున్న విశాఖపట్నం పౌర విమానాశ్రయం వంటి చోట్ల ఇలాంటి కచ్చితమైన హద్దులు అవసరం కూడా.

పురావస్తు కట్టడాల విషయంలో 2018 జులై 12న ఒక మార్పు వచ్చింది. భారత పురావస్తు సర్వేక్షణ కొత్త కార్యాలయ భవనాన్ని ప్రారంభిస్తూ ప్రధానమంత్రి ఫోటోల నిషేధాన్ని ప్రశ్నించారు. అదే రోజున ఆ సంస్థ అజంతా గుహలు, లేహ్ రాజప్రాసాదం, తాజ్‌మహల్ సమాధి మందిరం మినహా కేంద్ర రక్షిత కట్టడాల ఆవరణల్లో ఫోటోలను అనుమతించింది. ఏళ్ల తరబడి అత్యవసరమని చెప్పిన నిషేధం ఒక్కరోజులో తొలగిపోయినా కట్టడాలకు ఏమీ కాలేదు.

2021 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన భౌగోళిక సమాచార మార్గదర్శకాలు, ప్రపంచమంతటా సులభంగా లభించే సమాచారాన్ని ఇక్కడ నియంత్రించడంలో అర్థం లేదన్న వైఖరి తీసుకున్నాయి. వీధుల దృశ్యాలను వరుసగా చిత్రించే గూగుల్ స్ట్రీట్ వ్యూకు 2011లో బెంగళూరులో ఆటంకం ఏర్పడింది. 2022 జులైలో భారతీయ సంస్థల భాగస్వామ్యంతో అది హైదరాబాదు సహా పది నగరాల్లో మొదలైంది. డ్రోన్ల నియమావళి, 2021 వచ్చాక గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించిన పటాన్ని అందరికీ అందుబాటులో ఉంచారు. డ్రోను ఎగరవేసేవారు పటం చూసి తమ హద్దు తెలుసుకోగలరు. నేలమీద నిలబడి ఫోనుతో ఫోటో తీసేవారికి మాత్రం అటువంటి పటం లేదు. కాపలాదారు వచ్చి చెప్పినప్పుడే హద్దు తెలుస్తుంది.

8. చెరిపివేత: విచారణకు రాని నిషేధం

ఈ విషయంలో అత్యంత తీవ్రమైన సమస్య బోర్డు కాదు, తీసిన ఫోటోను అక్కడికక్కడే చెరిపించడం. తెలిసిన ఏ చట్టమూ కాపలాదారుకు గాని, పోలీసుకు గాని ఈ అధికారం ఇవ్వలేదు. దీనికి తర్కం కూడా లేదు. తీసిన ఫోటో నేరమైతే అదే ప్రధాన సాక్ష్యం. సాక్ష్యాన్ని నాశనం చేయించడం భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షను పరిధిలోకి రాగల పని. ఫోటో నేరం కాకపోతే దానిని చెరిపించే హక్కు ఎవరికీ లేదు. సోదా సమయంలో డిజిటల్ చిత్రాలను చెరిపివేసే అధికారం తమకు లేదని లండన్ పోలీసుల మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

చట్టం చూపిన దారి వేరు. అనుమానం ఉంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షను కింద పోలీసు అధికారి వస్తువును స్వాధీనం చేసుకుని, వెంటనే మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా తయారీతో సహా ఆ ప్రక్రియనంతా ఆడియో, వీడియో సాధనాలతో నమోదు చేయాలని 105వ సెక్షను కోరుతోంది. ఫోటో తీశాడని పౌరుని ఫోను తీసుకునే అధికారి, ఆ తీసుకోవడాన్ని తన ఫోనుతో చిత్రించాలన్నమాట. ఈ దారిలో కాగితం పుడుతుంది. ఏ ప్రదేశం, ఏ ప్రకటన, ఏ అనుమానం అన్నది రాయవలసి వస్తుంది. పైఅధికారి చూస్తాడు, మేజిస్ట్రేటు చూస్తాడు.

చెరిపివేతలో కాగితం పుట్టదు. పరిశోధకుడు పోగొట్టుకున్నది మరుసటి పర్యటనలో దొరుకుతుందన్న హామీ లేదు. రోడ్డు విస్తరణలో పోయే మండపం, గోడకు సున్నం వేస్తే మూసుకుపోయే శాసనాక్షరం మళ్లీ కెమెరాకు అందవు. కేసు ఉండదు కాబట్టి అప్పీలు ఉండదు. బోర్డు వెనుక నిజంగా గెజిట్ ప్రకటన ఉన్నదా, దాని ప్రతిని తెలుగులో అతికించారా అన్న ప్రశ్న న్యాయస్థానం వరకు వెళ్లదు. నాగ్‌పూర్ ధర్మాసనం 2(8) సెక్షనును అంత శ్రద్ధగా చదవడానికి అవకాశం కలిగింది కూడా అక్కడ పోలీసులు ఫోను లాక్కుని పంపివేయక, ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసినందువల్లనే.